ఆస్పత్రిలోనా, ఇంట్లోనా?



మా మోతీనగర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే దీపం వెలిగే ఇళ్ళు మూడు రకాలు. పాలప్యాకెట్లు వేసేవాళ్ళ ఇళ్ళు ఒకటి. కృష్ణానగర్ దాకా వెళ్ళి అక్కణ్ణించి షూటింగు బస్సెక్కేవాళ్ళ ఇళ్ళు రెండు. ఈ రెండూ మీకు తెలిసినవే. మూడోది డయాలిసిస్‌కి వెళ్ళే ఇల్లు. అలాంటి ఇంట్లో నేను ఆరేళ్ళున్నాను. అది నా ఇల్లే.

మా అత్తగారికి షుగరు చాలాకాలం నుంచీ వుంది. కాళ్ళ వాపులు వస్తే ఎండకి నడిచినందువల్ల కాబోలు అనుకున్నాం. అన్నం సహించకపోతే ముసలితనం అనుకున్నాం. తీరా పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ దాదాపు పని మానేశాయన్నారు. డాక్టరుగారు కాగితాలు బల్ల మీద పెట్టి, "డయాలిసిస్ తప్పదు. వారానికి మూడుసార్లు ఇక్కడికి తీసుకొస్తారా, లేక ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించే పద్ధతి నేర్చుకుంటారా?" అని అడిగారు. మావారూ, మరిదీ, ఆడపడుచూ ముగ్గురూ ఒక్కసారి నా వంక చూశారు. నోటితో నన్నెవరూ అడగలేదు. ఆ మాటకొస్తే అత్తగారిని అసలే అడగలేదు. ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని చేతిసంచీ తాడు సర్దుకుంటూ వున్నారు.

ఆ చూపులు నన్ను చాలాకాలం వదల్లేదు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అయినా ఈ వైద్యం ఎలా పుట్టింది, ఆస్పత్రిలోంచి ఇంట్లోకి ఎందుకొచ్చింది అన్నది పట్టుబట్టి తెలుసుకున్నాను. తెలుసుకున్నకొద్దీ ఒక సంగతి బోధపడింది. "ఆస్పత్రిలోనా, ఇంట్లోనా?" అన్న ప్రశ్న అరవయ్యేళ్ళుగా వుంది. దానికి జవాబు చాలాసార్లు డబ్బు చెప్పింది, చట్టం చెప్పింది, కమిటీలు చెప్పాయి. మంచం మీద వున్న మనిషినీ, మంచం పక్కన నిలబడే మనిషినీ అడిగింది మాత్రం తక్కువ. ఇవాళ మీతో ఆ కథే చెప్పుకుందామని.

ముందు డయాలిసిస్ అంటే ఏమిటో మన వంటింటి భాషలో చూద్దాం. ఉప్పులో ఊరిన మామిడిబద్ద మరీ ఉప్పుకషాయంలా వుంటే ఏం చేస్తాం? మంచినీళ్ళలో కాసేపు వేస్తాం. బద్ద బద్దలాగే వుంటుంది, ఉప్పు మాత్రం నీళ్ళలోకి దిగుతుంది. డయాలిసిస్ సూత్రం కూడా అంతే. పల్చని పొరకి ఒకవైపు రక్తం, రెండోవైపు కొలతగా లవణాలు కలిపిన నీళ్ళు. రక్తంలో పేరుకున్న మలినాలు చిన్నవి కనుక పొర దాటి నీళ్ళలోకి పోతాయి. రక్తకణాలూ, మాంసకృత్తులూ పెద్దవి కనుక ఇవతలే వుంటాయి. 1861లో థామస్ గ్రాహం అనే స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఈ వేరుచేసే పద్ధతికి డయాలిసిస్ అని పేరు పెట్టాడు. అప్పటికది ప్రయోగశాలలో పని. మనిషికి అక్కరకొచ్చేసరికి ఎనభయ్యేళ్ళు పట్టింది.

అక్కరకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు విలెం కోల్ఫ్ అనే డచ్చి డాక్టరు. రెండో ప్రపంచయుద్ధం రోజులు. హాలండు జర్మనుల చేతుల్లో వుంది. కాంపెన్ అనే చిన్న వూళ్ళో ఆస్పత్రి. సామాను దొరకదు. సాసేజి అని అక్కడివాళ్ళు తినే మాంసపు వంటకానికి తొడిగే సెలోఫేను గొట్టం వుంటుందే, దాన్ని పొరగా వాడాడు. ఆ గొట్టాన్ని గుండ్రంగా తిరిగే పీపాకి చుట్టి, కింద ఎనామెల్ తొట్టిలో ఉప్పునీళ్ళు పోశాడు. ఆ తొట్టి విషయంలో సాయపడింది ఆ వూళ్ళో వంటగిన్నెలు తయారుచేసే ఫ్యాక్టరీ యజమాని! 1943లో మొదలుపెట్టాడు. మొదట చూసిన పదిహేనుమంది దాకా రోగుల్లో దాదాపు ఎవరినీ దక్కించుకోలేకపోయాడు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ళ ఆవిడ ఒకరు స్పృహ లేని స్థితిలోంచి కళ్ళు తెరిచింది. కృత్రిమ మూత్రపిండం వల్ల బతికి బయటపడ్డ మొదటి మనిషి ఆడమనిషే అన్నమాట.

అయితే ఆ యంత్రం కొన్నాళ్ళపాటు చెడి మళ్ళీ కోలుకునే కిడ్నీలకే పనికొచ్చేది. ప్రతిసారీ కొత్త రక్తనాళం కోసి గొట్టం పెట్టాలి. ఎన్ని నాళాలని కోస్తారు? ఈ చిక్కు విప్పినవాడు అమెరికాలో సియాటిల్ నగరపు డాక్టరు బెల్డింగ్ స్క్రిబ్నర్. 1960లో ఆయన టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలో శాశ్వతంగా అమర్చే ఉపాయం కనిపెట్టాడు. టెఫ్లాన్ అంటే మన అంటుకోని దోసెపెనం పూతే. దానికి రక్తం కూడా అంటుకుని గడ్డకట్టదు. ఆ గొట్టంతో మొదట చికిత్స పొందిన క్లైడ్ షీల్డ్స్ అనే కార్మికుడు 11 ఏళ్ళు బతికాడు. అంతకుముందు వారాల్లో పోవలసిన మనిషి! తర్వాత 1966లో చేతిలోని సొంత ధమనినీ సిరనీ కలిపే ఫిస్టులా ఆపరేషను వచ్చింది. మా అత్తగారి ఎడమచేతికి చేసింది అదే. దాని మీద చెవి పెడితే జుమ్మని తుమ్మెద రొద వినిపించేది. పక్కింటి పిల్లలు వంతులవారీగా వచ్చి వినేవారు.

ఇక్కడే అసలు కథ మొదలు. 1962లో సియాటిల్‌లో డయాలిసిస్ కేంద్రం పెట్టారు. మంచాలు కొన్నే, రోగులు ఎందరో. ఎవరికి ఇవ్వాలి? డాక్టర్లు ఆ భారం మోయలేక ఊళ్ళో ఏడుగురితో కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక మతగురువు, ఒక బ్యాంకరు, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను, ఏడోవారు ఒక గృహిణి. సంపాదన ఎంత, పిల్లలెందరు, ఊరికి పనికొచ్చే మనిషా కాదా అని తూచి, బతికేవాళ్ళని ఏరేవారు. అదే ఏడు నవంబరులో లైఫ్ పత్రికలో ఆ సంగతి రాగానే దేశమంతా గగ్గోలెత్తింది. నాకు మాత్రం ఆ ఏడో కుర్చీ గుర్తుండిపోయింది. పొద్దున్న పిల్లలకి డబ్బాలు కట్టి, మధ్యాహ్నం వెళ్ళి ఎవరు బతకాలో చెప్పి, సాయంత్రం వచ్చి పొయ్యి వెలిగించుకున్న ఆ ఇల్లాలికి రాత్రి నిద్రెలా పట్టి వుంటుందో ఆలోచించండి.

ఆ కమిటీ కాదన్నవాళ్ళలో 15 ఏళ్ళ పిల్ల ఒకతె. పెద్దవాళ్ళకే చోటు లేనప్పుడు పిల్లలకెక్కడ? ఆ పిల్ల తండ్రి, విశ్వవిద్యాలయంలో ఇంజనీరుగా వున్న లెస్ బాబ్ అనే ఆయనకి స్నేహితుడు. బాబ్ తన తోటివాళ్ళతో కలిసి నాలుగు నెలలు రాత్రింబగళ్ళు కష్టపడి, ఇంట్లో పెట్టుకోదగ్గ యంత్రం తయారుచేశాడు. 1964లో ఆ పిల్లకి ఇంట్లోనే డయాలిసిస్ మొదలైంది. మరి నాలుగేళ్ళు బతికింది. చూశారా! ఇంటి డయాలిసిస్ సౌకర్యం కోసం పుట్టలేదు. ఆస్పత్రిలో చోటు లేక పుట్టింది.

ఆ రోజుల్లోనే లండనులో షాల్డన్ అనే డాక్టరు కూడా రోగులని ఇళ్ళకి పంపాడు. అంతకుముందే జపానులో నోసే అనే ఆయన బట్టలుతికే వాషింగ్‌మెషీనునే డయాలిసిస్ తొట్టిగా వాడాడు. ఎవరు ముందు అన్నది ఇప్పటికీ తగువే. మనకి దగ్గరి సంగతొకటి చెబుతాను. సియాటిల్‌లో తొలిరోజుల్లో ఇంటి డయాలిసిస్ నేర్చుకుని వెళ్ళినవాళ్ళలో మద్రాసు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన వున్నారు. అప్పటికి మన తెలుగు సినిమా దాదాపు అంతా మద్రాసులోనే వుండేది, తెలుగు వారపత్రికలు చాలావరకు అక్కణ్ణించే వచ్చేవి. ఆ వూళ్ళోనే ఏదో బంగళా గదిలో 1964 ప్రాంతంలో ఈ యంత్రం తిరిగిందంటే, అది మనకి మరీ పరాయి చరిత్రేం కాదు. కాకపోతే అది సముద్రాలు దాటి యంత్రం తెచ్చుకోగల స్తోమతున్నవారి మాట.

ఆనాటి ఇంటి డయాలిసిస్ అంటే మీట నొక్కితే అయిపోయేది కాదు. ఒక్కోసారి పదేసి గంటలు పట్టేది కనుక రాత్రిపూట పెట్టుకునేవారు. పలకల మధ్య పొరలు పరిచి బిగించే పెద్ద చట్రం ఒకటి వుండేది. వాడిన ప్రతిసారీ విప్పాలి, కడగాలి, మళ్ళీ పరవాలి, చిల్లు పడిందేమో చూడాలి. ఆ రోగుల్లో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ళు. కనుక ఆ చాకిరీ ఎక్కువగా ఎవరి మీద పడి వుంటుందో వేరే చెప్పాలా? పొద్దుటికి మొగుడు ఆఫీసుకి తయారు. రాత్రి యంత్రం గంట మోగినప్పుడల్లా లేచిన ఇల్లాలికి పొద్దున్న వంట తయారు.

తర్వాత పదేళ్ళలో తక్కెడ అటూ ఇటూ వూగింది. 1969, 70లలో ఎడింబరో ఆస్పత్రి డయాలిసిస్ విభాగంలో కామెర్లు కలిగించే హెపటైటిస్ వ్యాపించి రోగులూ, సిబ్బందీ కూడా చనిపోయారు. నలుగురి రక్తం ఒకచోట శుభ్రపడే గదిలో అజాగ్రత్త ఎంత ప్రమాదమో లోకానికి తెలిసింది. బ్రిటనులో ఇంటి డయాలిసిస్‌కి జోరు వచ్చింది. ఇల్లు చిన్నదైతే పెరట్లో చెక్కగది కట్టి మరీ యంత్రం పెట్టారు. అమెరికాలో అందుకు ఎదురైంది. 1972లో చట్టం చేసి, 1973 జులై నుంచి కిడ్నీ రోగుల ఖర్చు ప్రభుత్వమే భరించడం మొదలుపెట్టింది. అందరికీ చికిత్స అందింది, ఏడుగురి కమిటీల అవసరం తీరిపోయింది. ఎంత మంచిపని! కాని కేంద్రాలకి డబ్బు గ్యారంటీ కావడంతో వీధివీధినా అవి వెలిశాయి. అప్పటికి నూటికి 40 మంది దాకా ఇంట్లో చేసుకునేవాళ్ళు, తర్వాతి ఏళ్ళలో ఆ సంఖ్య బాగా పడిపోయింది. మనుషుల ఇష్టాలు ఒక్క ఏడాదిలో మారిపోయాయంటారా? మారింది బిల్లు కట్టే చెయ్యి.

మన దేశంలో ఇంటి డయాలిసిస్ మాట నలుగురి నోటా పడింది జయప్రకాశ్ నారాయణ్ గారి వల్ల. 1975లో అత్యవసర పరిస్థితి పెట్టినప్పుడు ఆయన్ని నిర్బంధించి చండీగఢ్‌లో వుంచారు. అక్కడే కిడ్నీలు దెబ్బతిన్నాయి. నవంబరులో విడిచిపెట్టాక బొంబాయి జస్లోక్ ఆస్పత్రిలో డయాలిసిస్ మొదలుపెట్టారు. ఇక జీవితాంతం తప్పదన్నారు. యంత్రం కోసం ప్రజలు చందాలు పోగుచేశారు. ప్రధాని ఇందిరాగాంధీ సహాయనిధి నుంచి 90,000 రూపాయలు పంపితే ఆయన మర్యాదగా తిప్పి పంపేశారు. పాట్నాలో ఇంట్లోనే యంత్రం పెట్టారు. భార్య ప్రభావతీదేవి 1973లోనే పోయారు. దగ్గరివాళ్ళే అన్నీ చూసుకున్నారు. ఇంటి నుంచే ఆయన దేశ రాజకీయాల్ని నడిపారు. 1977లో ప్రభుత్వం మారడం కళ్ళారా చూసి, 1979 అక్టోబరు 8న కన్నుమూశారు. మా అత్తగారు ఆ రోజుల్లో కొత్త కోడలు. "రేడియోలో జేపీ గారికి డయాలిసిస్ అని రోజూ చెప్పేవారే. అదేదో మందు పేరనుకున్నాను" అనేవారు. తన ఒంటికి వచ్చేదాకా ఎవరికైనా అంతే.

ఇంతదాకా చెప్పింది రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసే పద్ధతి. దాన్ని హీమోడయాలిసిస్ అంటారు. రెండోది పొట్టతో చేసేది. మన పేగుల చుట్టూ పెరిటోనియం అని సహజమైన పొర వుంది. పొట్టలో మెత్తని గొట్టం అమర్చి, ద్రవం నింపి, కొన్ని గంటలుంచి, వదిలేస్తే మలినాలు ఆ ద్రవంతోబాటు బయటికి వచ్చేస్తాయి. యంత్రం వద్దు, సూది వద్దు, కరెంటు వద్దు. అమెరికాలో ఆస్టిన్ నగరంలో పోపోవిచ్ అనే ఇంజనీరూ, మాన్‌క్రీఫ్ అనే డాక్టరూ 1976లో ఈ పద్ధతిని పగలూ రాత్రీ నిరంతరం జరిగేట్టు రూపొందించారు. సీఏపీడీ అని పేరు. మొదట గాజుసీసాల్లో ద్రవం, తర్వాత కెనడాలో ప్లాస్టిక్ సంచులొచ్చాయి. మన దేశానికి 1991లో వచ్చింది. హాంకాంగ్ 1985 నుంచీ ముందు పొట్ట డయాలిసిస్సే అని నియమం పెట్టుకుంది. థాయిలండు 2008లో అదే దారి పట్టింది. కాని 2022లో ఏ పద్ధతి కావాలో ఎంచుకునే వీలు రోగులకి ఇచ్చింది.

ఇక మన తెలుగునాట. చాలాకాలం డయాలిసిస్ అంటే పొలాలు అమ్ముకోవడమే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలై, బీదవారికి డయాలిసిస్ కూడా ఆ పథకం కిందికి వచ్చాక చాలా ప్రాణాలు నిలబడ్డాయి. అయినా దూరం మాటేమిటి? శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరు వినే వుంటారు. కొబ్బరితోటలూ జీడితోటలూ, ఎటు చూసినా పచ్చదనం. ఆ పచ్చదనం కింద ఊరూరా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు ఒకప్పుడు డయాలిసిస్ కోసం విశాఖపట్నం పోవలసి వచ్చేది. పోనూ రానూ నాలుగువందల కిలోమీటర్లు! నాలుగు గంటల చికిత్సకి రెండురోజుల కూలి పోయేది, తోడు వచ్చినవాళ్ళ కూలి కూడా. తర్వాత దగ్గర్లో కేంద్రాలు పెట్టారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో జిల్లా ఆస్పత్రుల కోసం జాతీయ డయాలిసిస్ కార్యక్రమం ప్రకటించి, 2019లో పొట్ట డయాలిసిస్‌కి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఇల్లా ఆస్పత్రా అన్న ప్రశ్న ఇక డబ్బున్నవాళ్ళది మాత్రమే కాదు, మనందరి గుమ్మంలోకీ వస్తుంది. అందుకే రెండింటిలోనూ మంచిచెడ్డలు తెలుసుకుని వుండడం మంచిది.

మా ఇంటి అనుభవం చెబుతాను. మొదటి ఏడాదిన్నర ఆస్పత్రికే తీసుకువెళ్ళాం. ఆరింటి షిఫ్టు. ఐదుకల్లా ఆటో ఎక్కాలి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఏడాదికి 156 సార్లు. ఒక్కో విడతకి యంత్రంలో పొరకి అవతల 120 లీటర్ల దాకా శుద్ధిచేసిన నీరు ప్రవహిస్తుంది. ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడే మనకి ఆ అంకె చెబితే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఈ మధ్య కొందరు ఆ యంత్రాన్నే ఇంటికి తెచ్చుకుంటున్నారు. అలా తెచ్చుకోవాలన్నా నీళ్ళు శుద్ధిచేసే ఏర్పాటు, నమ్మకమైన కరెంటు, నేర్చిన మనిషి, ఈ మూడూ కావాలి.

ఆస్పత్రిలో బాధ్యత వాళ్ళది. సూది గుచ్చేది సిస్టరు, బి.పి. పడిపోతే పరుగెత్తుకొచ్చేది టెక్నీషియను. నేను బయట బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్న రోజులున్నాయి. కాని ఇంటికొచ్చాక అత్తగారు వాడిపోయిన తోటకూర కట్టలా పడిపోయేవారు. ఆ రోజుకి రోజే లేదు. రెండు విడతల మధ్య నీళ్ళు గుక్కలు లెక్కపెట్టి తాగాలి. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, కూరముక్కలు ఉడికించిన నీళ్ళు వార్చెయ్యాలి. ఎండాకాలంలో చన్నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేస్తూ, "గొంతులోకి ఒక్క చుక్క జారిందే, రాసుకో" అనేవారు నవ్వుతూ.

పైగా చేతిలో ఫిస్టులా మొరాయించడం మొదలుపెట్టింది. దాంతో పొట్ట పద్ధతికి మారాం. నేర్పడానికి నాకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. గది తలుపు వెయ్యాలి, ఫ్యాను ఆపాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, చేతులు మోచేతిదాకా రుద్ది కడుక్కోవాలి. రెండు లీటర్ల సంచి తగిలించాలి. పాతది దించి కొత్తది ఎక్కించడానికి అరగంట. రోజుకి మూడుసార్లు. ఏడాదికి 1,095 సార్లు. ఆదివారం లేదు, ఉగాది లేదు. సంచుల అట్టపెట్టెలు మంచాల కిందా, ఈ ప్రసంగం రాసుకుంటున్న బల్ల కిందా పేర్చి వుండేవి.

కాని చూడండి, ఆవిడ మొహం తేటపడింది. రోజూ కొంచెం కొంచెంగా శుభ్రపడుతుంది కనుక ఆ నీరసం లేదు. పళ్ళ మీద ఆంక్షలు సడలించారు. మాంసకృత్తులు ద్రవంతో పోతాయి కనుక పప్పూ, గుడ్డు తెల్లసొనా పెట్టమన్నారు. ద్రవంలో చక్కెర వుంటుంది కనుక షుగరు మీద కన్నేసి వుంచమన్నారు. సంచులు పట్టుకుని రాజమండ్రిలో చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళి మూడురోజులు వుండి వచ్చారు. ఆస్పత్రికి కట్టుబడి వుంటే ఆ పెళ్ళి లేదు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. ఒకనాడు సంచి మారుస్తూ వుంటే వంటింట్లో కుక్కరు ఆగకుండా కూత పెట్టింది. మధ్యలో లేచి వెళ్ళి ఆపి వచ్చాను. చేతులు మళ్ళీ కడుక్కున్నాననే అనుకున్నాను. మూడోనాటికి అత్తగారికి కడుపునొప్పి. బయటికొచ్చిన ద్రవం బియ్యం కడుగులా తెల్లగా వుంది. పొట్ట పొరకి చీము పట్టిందన్నమాట. ఈ పద్ధతిలో అన్నింటికన్నా భయపడవలసింది అదే. వెంటనే తీసుకెళ్ళాం కనుక మందులతో తగ్గింది. నన్నెవరూ ఒక్కమాట అనలేదు. ఆ రెండువారాలూ నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. ఆస్పత్రిలో పొరపాటు జరిగితే పదిమంది పంచుకుంటారు. ఇంట్లో జరిగితే ఒక్కదాని మీదే వుంటుంది. ఈ సంగతి శిక్షణ పుస్తకంలో రాయరు.

మూడేళ్ళు గడిచాక రెండోసారి అలాగే చీము పట్టింది. ఈసారి గొట్టం తీసెయ్యాలన్నారు. నయమయ్యాక కొత్తది పెట్టుకోవచ్చు, లేదా మళ్ళీ ఆస్పత్రికే రావచ్చు అన్నారు. మళ్ళీ అందరూ నా వంక చూశారు. ఈసారి నేను నోరు తెరిచాను. "ముందు అత్తయ్యని అడగండి" అన్నాను.

ఆవిడ ఏమన్నారో తెలుసా? "ఆస్పత్రికే వెళతానమ్మాయ్" అన్నారు. నేను తెల్లబోయాను. ఇంట్లో ఇంత సుఖంగా చూసుకున్నానే అని మనసు చివుక్కుమంది కూడా. రాత్రి పక్కన కూర్చున్నప్పుడు ఆవిడే చెప్పారు. "అక్కడ నా వరసలో నాలుగు మంచాలుండేవి గుర్తుందా? బోరబండ ఆవిడ, రిటైరైన మేష్టారు, ఆ ఆటో అబ్బాయి. ఒకరి కష్టం ఒకరికి చెప్పక్కర్లేకుండానే తెలిసేది. ఇంట్లో నువ్వు బాగానే చూశావు. కాని నా మూలాన నీకు మూడేళ్ళుగా పుట్టిల్లు లేదు. అది చూస్తూ పడుకోవడం నా వల్ల కాదే." నేను మూడేళ్ళుగా ఆవిడకి ఏది మంచిదో ఆలోచించాను. ఆవిడ మూడేళ్ళుగా నా సంగతి ఆలోచించారు. ఇద్దరం ఒకరినొకరం అడుగుకోలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆస్పత్రికి వెళ్ళారు. ఆ నాలుగు మంచాల్లో మేష్టారి మంచం అప్పటికే మారిపోయింది. మిగతా ఇద్దరూ వున్నారు. పోయినేడు కార్తీకమాసంలో గుండె ఆగి నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఇంతకీ నేను ఇల్లు మంచిదనీ చెప్పను, ఆస్పత్రి మంచిదనీ చెప్పను. ఉద్యోగం చేసుకునే వయసువాళ్ళకీ, కేంద్రానికి దూరంగా వుండేవాళ్ళకీ ఇంటి పద్ధతి వరమే. ఒంటరివాళ్ళకీ, చూపు సరిగా ఆననివాళ్ళకీ, ఇరుకుగదిలో ఆరుగురుండేవాళ్ళకీ ఆస్పత్రే నయం కావచ్చు. మీ డాక్టరుగారు చెప్పేది శ్రద్ధగా వినండి. ఆయన్నే మరికొన్ని ప్రశ్నలు అడగండి. ఈ రెండింటిలో ఏది ఈ ఒంటికి సరిపడుతుంది? సంచి మార్చే మనిషికి జ్వరం వస్తే రెండో మనిషి ఎవరు? ఆ రెండో మనిషికి కూడా నేర్పుతారా? మధ్యలో ఇష్టం మారితే పద్ధతి మార్చుకోవచ్చా? నెలకయ్యే ఖర్చులో పథకం ఎంత భరిస్తుంది, మనమెంత? మగవాళ్ళని కూడా శిక్షణకి కూర్చోబెట్టండి. సంచి మార్చడానికి గాజులచేతులే వుండాలని ఎక్కడా లేదు. మావారికి మూడో ఏట నేర్పాను. నాకంటే శుభ్రంగా చేసేవారు.

ఆ సియాటిల్ కమిటీలోని గృహిణి ఎవరో అపరిచితుల గురించి నిర్ణయం చెప్పవలసి వచ్చింది. మనకి మన సొంత ఇంటి గురించి చెప్పుకునే వీలుంది. దాన్ని చూపులకి వదిలెయ్యకండి. మంచం మీదున్నవారిని నోరారా అడగండి, మీరు చెయ్యగలిగిందీ చెయ్యలేనిదీ నోరు విప్పి చెప్పండి.

చివరగా ఒక చిన్నపని. మీ వీధిలోనో మీ అపార్టుమెంటులోనో ఇలాంటి ఇల్లు ఒకటి తప్పక వుంటుంది. ఈ వారంలో ఒక మధ్యాహ్నం వెళ్ళండి. పళ్ళూ కొబ్బరిబొండాలూ పట్టుకెళ్ళకండి, వాళ్ళు తినకూడదేమో. ఆ ఇల్లాలితో, "రెండుగంటలు నేను కూర్చుంటానమ్మా, నువ్వు ఎర్రగడ్డ రైతుబజారుకో, గుడికో, ఊరికే అలా నడవడానికో వెళ్ళిరా" అనండి. నాకు అలా అన్న పొరుగావిడ ఒకరుండేవారు. ఆవిడ పుణ్యమా అని ఇవాళ ఇలా మీ ముందు మాట్లాడగలుగుతున్నాను.

సెలవు.